తేనె తిండి కాదన్నారు

ఫిబ్రవరి 1, బుధవారం

ఈ నోటుబుక్ డైటీషియన్ ఇచ్చింది. గీతలు కూడా తనే గీసి ఇచ్చింది. ఏ టైముకి తిన్నాను, ఏం తిన్నాను, ఎంత తిన్నాను, ఎన్నిసార్లు టాయిలెట్‌కి వెళ్లాను, నొప్పి పదికి ఎంత. గడులు చాలా చిన్నవి. నా కోపం వాటిలో పట్టదు. అందుకే వెనక పేజీల నుంచి రాసుకొస్తున్నాను. ముందు వైపు ఆవిడకి. వెనక వైపు ఎవరికీ కాదు.

నాకు క్రోన్స్ అనే పేగు జబ్బు వచ్చి పన్నెండేళ్లు. రెండు వారాలకోసారి తొడలో ఇంజెక్షన్ నేనే పొడుచుకుంటాను. నవంబరులో స్కోప్ వేసి లోపలంతా శుభ్రంగా ఉందన్నారు. మలపరీక్షలో కూడా వాపు లేదని తేలింది. జబ్బు నిద్రపోతోందమ్మా, సంతోషించు అన్నాడు డాక్టరు. ఆ రోజు మధ్యాహ్నానికే ఏడుసార్లు వెళ్లొచ్చాను. ఆ మాట చెబితే నరాల మీద ఒత్తిడి అన్నాడు. కొండల్లోకి వెళ్లి నాలుగు రోజులు గాలి పీల్చుకోమన్నాడు. నేను పుట్టిందే కొండల్లో. మా నాన్న ఇప్పటికీ స్ట్రంజా కొండల్లోనే ఉన్నాడు. గాలితో తగ్గేదైతే నాకు అసలు రాకూడదు.

డైటీషియన్ పేరు సిమెయోనోవా. పొట్టిగా ఉంటుంది, మాట మాత్రం కచ్చితం. ఒకే పేగుకి రెండు రోగాలు ఉండొచ్చు, ఒకటి నిద్రపోయినంత మాత్రాన రెండోది నిద్రపోవాలని లేదు అంది. రెండోదాని పేరు ఐబీఎస్, వాపేమీ లేకుండానే పేగు తిరగబడే జబ్బు. నరాలు కాదు, నాటకం కాదు అని ఆవిడే ముందు అంది, నేను అడక్కుండానే. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

ఈ డైట్ క్రోన్స్‌ని నయం చెయ్యదు, ఇంజెక్షన్ ఒక్కటి మానినా నేను ఊరుకోను అని వేలు చూపించి చెప్పింది. నాలుగు వారాలు కొన్ని మానాలి. ఆ తర్వాత ఒక్కోటి వెనక్కి తెచ్చుకుని, ఏది పడదో చూడాలి. జన్మంతా మానమని కాదు, ఎముకలే మిగులుతాయి అంది.

మానాల్సినవి రెండు పేజీలు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పెరుగు, చిక్కుడు గింజలు, ఆపిల్, పుట్టగొడుగులు. ఇంకా ఉన్నాయి. బల్గేరియాలో పుట్టినదానికి పెరుగు మానమని చెబుతారా ఎవరైనా.

ఫిబ్రవరి 3

మొక్కజొన్న సంకటి. ఉడికించిన కారెట్. జైల్లో కూడా ఇంతకంటే బాగా పెడతారు.

ఫిబ్రవరి 7, మంగళవారం

ఆరు రోజులైంది. మార్పు లేదు. పొద్దున నాలుగు, మధ్యాహ్నం లోపు ఇంకో రెండు.

ఇవాళ ఫీల్డ్. భూమి కొలిచే పని నాది. ఊరికి దూరంగా, చెట్టూ చేమా లేని పొలాల మధ్య సర్వే యంత్రం నిలబెట్టి గంటల తరబడి ఉండాలి. నేనుండే బుర్గాస్ చుట్టూ యాభై కిలోమీటర్లలో ఏ పెట్రోలు బంకులో టాయిలెట్‌కి తాళం వేస్తారో, ఎక్కడ తాళం అడిగితే మొహం చిట్లిస్తారో నాకు కంఠతా వచ్చు. నాతో కొలత కర్ర పట్టుకునే మెతోదీ బాబాయికి అన్నీ తెలుసు. పదకొండింటికి నా మొహం చూసి, కారు తాళాలు విసిరి, పో తల్లీ, ఈ పొలం ఎక్కడికీ పారిపోదు అన్నాడు. ఆయన దయ కూడా కోపం తెప్పిస్తోంది. ముప్పై ఒక్క ఏళ్లు నాకు. ఒకరి దయ మీద టాయిలెట్‌కి వెళ్తున్నాను.

ఇంటికొచ్చి రెండు పేజీల జాబితా గోడకేసి కొట్టాను. తర్వాత తీసి మడత సరిచేశాను.

ఫిబ్రవరి 8, సాయంత్రం

సిమెయోనోవా ఫోన్ చేసింది. ముందు వైపు గడులు ఫోటో తీసి పంపాను కదా, చూసిందట. అంతా సరిగ్గానే ఉంది, మరి ఎందుకు తగ్గలేదో అంది. నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారా అని మీద పడ్డాను. ఆవిడ నొచ్చుకోలేదు. లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లోకి వెళ్లేదంతా చెప్పండి, తిండే కానక్కర్లేదు, మాత్ర, దగ్గు సిరప్, చూయింగ్ గమ్, ఏదైనా సరే అంది.

లేవగానే తేనె ఒక చెంచా, ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత సంకటి అన్నాను.

అటు పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

తేనె గడిలో రాయలేదేం అంది. తిండి కాదు కదా అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట అది. తిండి కాదు, మందు. మా నాన్న మాట నా గొంతులో.

ఎన్నాళ్ల నుంచి అంది. పన్నెండేళ్లు అన్నాను. రోజూనా అంది. రోజూ. పెద్ద చెంచా. సాయంత్రం ఒంట్లో బాగాలేకపోతే ఇంకోటి. బాగాలేని రోజులే ఎక్కువ.

జాబితా రెండో పేజీ పైనుంచి నాలుగో లైను చూడమంది. తేనె. స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా. చదివి దాటేశాను. పన్నెండేళ్లలో ఎంతమంది డాక్టర్లు ఏం తింటున్నావు అని అడిగి ఉంటారు. ఒక్కరికీ చెప్పలేదు.

రేపటి నుంచి మానండి, అదే కారణమని ఇప్పుడే అనుకోవద్దు, చూద్దాం అంది.

ఫిబ్రవరి 10, శుక్రవారం

సంత్ హరలాంపి పండుగ. తేనెటీగలు పెంచే మా నాన్నలాంటి వాళ్లందరికీ పెద్ద రోజు. నాన్న పేరు కూడా ఆయనదే, కుదించి లాంబో అంటారు. అందుకని ఆయనకి రెండింతల పండుగ. సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

చర్చి మధ్యలో తేనె సీసాలన్నీ గుండ్రంగా పేర్చి, మూతల మీద కొవ్వొత్తులు వెలిగించారు. ఫాదర్ దీవించాడు. తర్వాత రొట్టె మీద తేనె రాసి అందరికీ పంచడం. నాన్న నాకు రొట్టె ఇవ్వలేదు. నాకు గోధుమ మానమన్న సంగతి చెప్పాను కదా, గుర్తుపెట్టుకున్నాడు. చెంచా నిండా తేనె తీసుకుని నా నోటి దగ్గరికి తెచ్చాడు, చిన్నపిల్లకి పెట్టినట్టు, ఊరంతా చూస్తుండగా.

వద్దు నాన్నా అన్నాను. పండుగ నాడు కూడానా అన్నాడు. మానేశాను అన్నాను. తేనె తిండి కాదే తల్లీ, మందు, దాన్ని మానడమేంటి అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. ఆ నవ్వుకే నాకు తిక్కరేగింది. నీ తేనెతోనే నా కడుపు పాడవుతోందేమో అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ చెంచా ఆయన వెనక్కి తీసుకోలేదు. పక్కనున్నావిడ నోట్లో పెట్టేశాడు.

ఇంటికొచ్చాక మొదలుపెట్టాడు. ముప్పై ఎనిమిది కిలోలతో మంచాన పడి ఉన్నప్పుడు ఏ డైటీషియన్ వచ్చిందే నీకు అన్నాడు. జాబితా రాసిచ్చిన మహాతల్లి అప్పుడు ఎక్కడుంది అన్నాడు. చేసిన మేలు మరిచిపోవడం మీ అమ్మ వైపు నుంచి వచ్చింది అన్నాడు. అమ్మ పోయి ఆరేళ్లు. చచ్చినావిడని తేనె గొడవలోకి లాగకు అన్నాను. అన్నం తినకుండా కారెక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 14

రెండుసార్లు. రెండంటే రెండే.

ఫిబ్రవరి 16

రెండు. నొప్పి పదికి ఒకటి.

ఫిబ్రవరి 21, మంగళవారం

రోజంతా ఫీల్డ్. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా యంత్రం పక్కనే నిలబడ్డాను. ఒక్కసారి కూడా కారు వైపు చూడలేదు. మెతోదీ బాబాయి రెండుసార్లు గడియారం చూసుకుని, తాళాలు కావాలా అని అడిగాడు. వద్దన్నాను. పొలం ఇవాళ పూర్తయ్యేలా ఉందే అన్నాడు, ఆశ్చర్యపోయి.

సంతోషించాలి కదా. ఇంటికొచ్చి గిన్నెలు పగలగొట్టాలనిపించింది.

ఎందుకంటే లెక్క వేసుకున్నాను. కాలేజీలో రెండో సంవత్సరం పరీక్షలో సగం పేపరు ఇచ్చి బయటికి పరుగెత్తాను. అప్పట్లో ప్రేమించిన దానాయిల్‌తో సోఫియా రైలెక్కి, ఏడు గంటల్లో నాలుగు గంటలు టాయిలెట్లోనే ఉన్నాను. వాడు బయట నిలబడి విసుక్కోలేదు, కానీ ఆ తర్వాత రైలు మాట ఎత్తలేదు, పెళ్లి మాటా ఎత్తలేదు. నాలుగేళ్ల క్రితం జబ్బు అదుపులో లేదనుకుని స్టెరాయిడ్లు ఇచ్చారు. మొహం కుండలా ఉబ్బింది. ఇంజెక్షన్ డోసు పెంచారు. అందులో ఎంత క్రోన్స్, ఎంత తేనె? ఎవరూ చెప్పలేరు. సిమెయోనోవాని అడిగితే వెనక్కి వెళ్లి కొలవలేం అంది. నేను కొలిచే మనిషిని. కొలవలేనిదంటే నాకు మంట.

బాగవుతున్నకొద్దీ కోపం పెరుగుతోంది. ఇదేం రోగమో.

మార్చి 9, గురువారం

ఇవాళ చాలా జరిగింది. క్రమంగా రాస్తాను.

రక్తపరీక్షకి ఆసుపత్రికి వెళ్లాను. నాలుగో అంతస్తు, పేగు జబ్బుల వార్డు. బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా సెలైన్ స్టాండు పట్టుకుని ఒకమ్మాయి. చెంపలు లోపలికి పోయాయి, మణికట్టు పుల్లలా ఉంది. నన్నే చూస్తోంది. కాసేపయ్యాక స్టాండు తోసుకుంటూ దగ్గరికొచ్చింది. మీరు తేనె సీసా మీది అమ్మాయి కదూ అంది.

కాదన్నాను. ఏ సీసా అన్నాను.

తను ఫోన్ తీసి ఫోటో చూపించింది. మా నాన్న నల్లతేనె, ఓక్ అడవులది. లేబుల్ మీద నేను. తేనెపెట్టెల మధ్య నిలబడి నవ్వుతున్నాను. కింద రాసి ఉంది. ఈ తేనెతో మా అమ్మాయి పేగు జబ్బు నయమైంది. లాంబో, ఒక తండ్రి.

నేను తినే తేనెకి ఎప్పుడూ లేబుల్ ఉండదు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పంపిస్తాడు. నాకు తెలియదు. తెలియదు అని ఆ అమ్మాయికి మూడుసార్లు చెప్పాను.

పేరు బొజురా. ఇరవై ఆరేళ్లు. యాంబోల్‌లో జుట్టు కత్తిరించే పని. మూడేళ్ల నుంచి క్రోన్స్. బస్టాండు పక్క దుకాణంలో సీసా చూసి, నాన్నకి ఫోన్ చేసిందట. ఆయన గంటసేపు ప్రేమగా మాట్లాడాడట. అక్టోబరులో ఇంజెక్షన్లు మానేసింది. రోజుకి మూడు చెంచాలు తింది. జనవరికి పేగులో చీము గడ్డ కట్టింది. ఇప్పుడు ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని చూస్తున్నారు.

మానెయ్యమని ఆయనే చెప్పాడా అని అడిగాను. చెప్పలేదు, మీ అమ్మాయి ఇంజెక్షన్లు వేసుకుంటోందా అని అడిగితే మాత్రం మాట మార్చాడు అంది.

నేను వేసుకుంటున్నాను అన్నాను. తొమ్మిదేళ్లుగా.

తను ఫోన్లో ఆ ఫోటో మూసేసింది. మీ నాన్న మీద నాకు కోపం లేదక్కా, ముసలాయన, ఆయనకి ఏం తెలుసు అంది. ఫోటోలో నువ్వు నవ్వుతున్నావు కదా, అది చూసి నమ్మాను అంది.

మార్చి 11, శనివారం

ఇవాళ ఊరికి వెళ్లాను.

నాన్న షెడ్డులో పెట్టెల చట్రాలకి తీగ బిగిస్తున్నాడు. బల్ల మీద లేబుళ్ల కట్ట. వందల్లో నేను, వందల్లో అదే నవ్వు. ఒకటి తీసి ఆయన ముందు పెట్టి, ఇదేంటి అన్నాను. బాగా వచ్చావు కదూ అన్నాడు.

ఇందులో ఉన్నది అబద్ధం అన్నాను. ఆయన పట్టకారు కింద పెట్టాడు. అబద్ధం ఏముంది, నువ్వు తేనె తిన్నావు, నువ్వు బాగయ్యావు, రెండూ నిజమే కదా అన్నాడు. ఇంజెక్షన్ సంగతి అన్నాను. లేబుల్ చిన్నది, అన్నీ పట్టవు అన్నాడు.

అప్పుడు బొజురా గురించి చెప్పాను. మణికట్టు ఎలా ఉందో చెప్పాను. మొహం తిప్పుకున్నాడు. నేను మానమనలేదు అన్నాడు. మానొద్దని చెప్పావా అన్నాను. ఎవరో తెలియని పిల్ల, ఆమె ఏం మానిందో ఏం తిందో నాకెలా తెలుస్తుంది అన్నాడు. ఆఖరికి, అసలు ఆ పిల్ల తేనెతోనే పాడయిందని ఎవరన్నారు, నీకూ తేనె పడదని ఎవరన్నారు, ఆ పొట్టి డైటీషియనా, నిరూపించమను అన్నాడు.

నిరూపిస్తాను అన్నాను.

ఆ ఫోటో సంగతి రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను. తొమ్మిదేళ్ల క్రితం వేసవి. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఐదో నెల. పదకొండు కిలోలు పెరిగాను. నాన్న నన్ను పెట్టెల దగ్గర నిలబెట్టి ఫోటో తీశాడు. చూశారా, నా తేనె నా బిడ్డని లేపి నిలబెట్టింది అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను అక్కడే ఉండేదాన్ని. కాదని ఒక్కసారి కూడా అనలేదు. పోనీలే, ముసలాయన సంతోషం, మనదేం పోయింది అనుకున్నాను. బొజురాది పోయింది.

మార్చి 16

ఒక్కోటి వెనక్కి తెస్తున్నాం. మూడు రోజులు ఉల్లిపాయ. మొదటి రోజు కొంచెం, మూడో రోజు సగం. ఏమీ కాలేదు. నెయ్యిలో ఎర్రగా వేయించి ఒట్టిదే తిన్నాను, పొయ్యి దగ్గర నిలబడి, గరిటెతోనే. కన్నీళ్లొచ్చాయి. ఉల్లిపాయకే అనుకోవాలి.

మార్చి 22

వెల్లుల్లి పరవాలేదు. పాలు సగం గ్లాసు దాటితే ఉబ్బరం. పెరుగు పడుతోంది. అదొక్కటి చాలు నాకు.

మెతోదీ బాబాయికి లేబుల్ సంగతి చెప్పాను. ఆయన కర్ర మీద చుబుకం ఆనించి విన్నాడు. మా ఇంట్లోనూ ఉందమ్మా ఆ సీసా, మీ పిన్ని మోకాళ్లకని తెచ్చింది, నీకు తెలిసే వేశారనుకున్నాను అన్నాడు. రెండేళ్లుగా ఉందట. రెండేళ్లుగా నాతో రోజూ కారులో తిరుగుతూ, నన్ను పెట్రోలు బంకుల్లో దించుతూ, ఇంట్లో నాకు నయమైందని రాసిన సీసా చూస్తున్నాడు. మరి నాకు నయం కాలేదని నీకు తెలుసు కదా బాబాయ్ అన్నాను. ఆయన తలదించుకున్నాడు. నీ గుట్టు నేను బయట పెట్టకూడదనుకున్నాను అన్నాడు.

మార్చి 30

బొజురాకి ఆపరేషన్ చేశారు. నలభై సెంటీమీటర్ల పేగు తీసేశారు. కొన్ని నెలలు మలం పోయేందుకు పొట్టకి సంచీ ఉంటుందట. ఫోన్లో గొంతు మామూలుగానే ఉంది. పని ఎలా చెయ్యాలో ఆలోచిస్తున్నాను, కుర్చీలో కూర్చున్నవాళ్ల మీదికి వంగాలి కదా అంది.

ఏప్రిల్ 7, శుక్రవారం

మిగిలింది తేనె. ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ ఆయన కళ్ల ముందే చెయ్యాలని ఊరికి వచ్చాను. ఎక్కడైనా చెయ్యండి గాని ఇబ్బంది పెడితే అక్కడితో ఆపెయ్యాలి, మొండికెయ్యొద్దు అని సిమెయోనోవా ముందే చెప్పింది.

నాన్న కొత్త సీసా విప్పాడు. పట్నంలో అమ్మే పూలతేనె కాదు ఇది, ఓక్ ఆకుల మీది తీపి జిగురు నుంచి ఈగలు చేసింది, చూద్దువుగాని అన్నాడు. చెంచా తనే తెచ్చాడు. తనే కొలిచాడు. నేను తిన్నాను. రుచి తెలిసేసరికి ఒళ్లు జల్లుమంది. రెండు నెలలైంది. ఎంత బాగుందో. దాని మీద కూడా కోపం వచ్చింది.

సాయంత్రానికి కొంచెం గ్యాసు, అంతే. నాన్న ముఖం వెలిగిపోతోంది. ఏం తల్లీ, బతికే ఉన్నావా అన్నాడు. రేపు రెండు చెంచాలు అన్నాను.

ఏప్రిల్ 8, శనివారం

ఏడింటికి రెండు చెంచాలు. ఎనిమిదిన్నరకి మొదలైంది.

మా ఇంట్లో టాయిలెట్ వంటింటి పక్కనే. తలుపు పలచటి చెక్క. చిన్నప్పటి నుంచీ లోపల ఎవరు దగ్గినా పొయ్యి దగ్గర వినిపిస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నాన్న రేడియో పెట్టాడు. రెండోసారికి గొంతు పెంచాడు. నాలుగోసారి నేను కడుపు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నప్పుడు రేడియో కట్టేశాడు. ఆయన అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. కెరా అని నా పేరు పెట్టి పిలిచాడు. వెళ్లు నాన్నా అన్నాను. వెళ్లలేదు. ఐదోసారికీ అక్కడే ఉన్నాడు. గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడని చప్పుడును బట్టి తెలిసింది.

ఎప్పుడూ ఇలాగేనా అన్నాడు తలుపు అవతల నుంచి. ఎప్పుడూ ఇలాగే అన్నాను. చదువుకునే రోజుల్లో కూడానా అన్నాడు. అప్పుడు కూడా అన్నాను. చెప్పలేదేమే అన్నాడు. చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఇంకో చెంచా పెట్టావు అన్నాను.

పదకొండింటికి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను, ఆయనకి దూరంగా. అప్పుడు చెప్పాడు. నీకు పంతొమ్మిదేళ్లు, డాక్టరు నన్ను గది బయట నిలబెట్టి ఏదో చెప్పాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు, మీ అమ్మ ఏడుస్తోంది, ఇంటికొచ్చి చుట్టూ చూసుకుంటే నా దగ్గర తేనె ఒక్కటే ఉంది, ఇంకేం పెట్టను నేను అన్నాడు.

ఆ మాటతో నా కోపం పోవాలి. పోలేదు. ఆయన మెడ వెనక చర్మం ముడతలు పడి, ఎండకి నల్లబడి, కోడిమెడలా ఉంది. అది చూస్తూ కోపంగానే కూర్చున్నాను.

రేపు మూడు చెంచాలు కదా అన్నాడు. అక్కర్లేదు, ఇక్కడితో ఆపెయ్యాలి అన్నాను. మంచిది అన్నాడు, బతికిపోయినట్టు.

బొజురా దగ్గరికి వెళ్లు అన్నాను. వెళ్లి ఏం చెప్పను అన్నాడు. నాకు తెలియదు, నీ లేబుల్, నీ మాటలు, నువ్వే వెతుక్కో అన్నాను.

ఏప్రిల్ 13, గురువారం

వెళ్లాడు. నాకు చెప్పకుండా, బస్సులో, యాంబోల్‌లో బొజురా ఇంటికి. బొజురా ఫోన్ చేసి చెప్పింది.

పండుగ కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడట. కూర్చోమంది. కూర్చున్నాడు. అప్పుడు తను సొరుగులోంచి సీసా తీసి, లేబుల్ చదవండి అందట. కళ్లద్దాలు తేలేదమ్మా అన్నాడట. అయితే నేను చదువుతాను వినండి అని పైనుంచి కింద దాకా చదివిందట, లాంబో, ఒక తండ్రి అన్నదాకా. తర్వాత దుప్పటి తీసి పొట్ట మీది సంచీ చూపించిందట.

ఏమన్నాడు అని అడిగాను. ఏమీ అనలేదు, చూశాడు, కళ్లు తిప్పుకోలేదు, అది ఒకటి చెప్పాలి అంది. వెళ్లేటప్పుడు, ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టారా తల్లీ అని అడిగాడట. పెట్టారు అందట. ఈసారి మానకు అన్నాడట. ఆ మాట అక్టోబరులో అనుంటే సరిపోయేది కదా తాతా అందట.

క్షమించావా అని నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

ఏప్రిల్ 23

నాన్న యాంబోల్ దుకాణం నుంచి సీసాలన్నీ వెనక్కి తెచ్చేసుకున్నాడు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పేగు జబ్బుకని తేనె అడిగినవాళ్ల నంబర్లు ఒక పాత క్యాలెండరు వెనక రాసుకున్నాడట. ఒక్కొక్కరికీ చేసి, మా అమ్మాయి ఇంజెక్షన్ల వల్ల బాగుంది, తేనె వల్ల కాదు, మీరు మందులు మానుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని చెబుతున్నాడు. రాసుకుని, చూసి చదువుతున్నాడు. కొందరు ఎత్తడం లేదు. ఒకాయన పోయాడని భార్య చెప్పింది. దేనితో పోయాడో అడిగే ధైర్యం నాన్నకి లేకపోయింది. ఇంకొకావిడ మాత్రం తిట్టిపోసిందట. నాకు మీ తేనెతోనే తగ్గింది, కాదనడానికి నువ్వెవరివి అందట.

నాన్న ఆ మాట చెబుతూ నవ్వబోయాడు. నేను నవ్వలేదు. ఆపేశాడు.

మే 4

ముందు వైపు గడులు నిండాయి. సిమెయోనోవా నోటుబుక్ తీసుకురమ్మంది. వెనక పేజీలు చింపి ఇంట్లో పెట్టుకుని, ముందువి తీసుకెళ్లాను. పండ్ల చక్కెర ఎక్కువున్న తేనె, ఆపిల్, పియర్, పుచ్చకాయ పడవు. పాలు కొంచెమే. మిగతావన్నీ తినొచ్చు అంది. చాలామంది భయపడి జాబితా మొత్తం జన్మంతా మానేస్తారు, మీరలా చెయ్యొద్దు అంది. క్రోన్స్ మళ్లీ లేస్తే ఏంటి అన్నాను. లేవొచ్చు, అప్పుడు తేనె మీదికి నెట్టెయ్యకండి, పరీక్ష చేయించుకోండి అంది.

అక్కడి నుంచి యాంబోల్‌కి, బొజురా ఇంటికి వెళ్లాను. కుర్చీ ఎత్తు పెంచి, వంగకుండా జుట్టు కత్తిరించడం నేర్చుకుంటోంది. నా జుట్టు మీదే. వంకరగా వచ్చింది. అలాగే ఇంటికొచ్చాను.

మే 21, ఆదివారం

ఊళ్లో ఉన్నాను. మధ్యాహ్నం తేనెటీగల గుంపు పెట్టె వదిలి లేచి పక్కింటి రేగు కొమ్మకి వేలాడింది, గొర్రెపిల్లంత. నాన్న ఒక్కడి వల్లా కాదు. నిచ్చెనెక్కి కొమ్మ దులిపాడు. కింద ఖాళీ పెట్టె నేను పట్టుకున్నాను. ఆ బరువంతా ఒక్కసారిగా చేతుల్లోకి పడింది, వెచ్చగా. ఏడు చోట్ల కుట్టాయి. కదలొద్దు అన్నాడు పైనుంచి. కోపం ఇంకా ఉంది. కదల్లేదు.